లేత నీలం గౌను

స్వర్ణకుమారి ఆఖరుసారిగా చేసిన పని, సూర్యకాంతమ్మగారి చేతిగోళ్ళు తీయడం.

సూర్యకాంతమ్మగారు బెల్లం వర్తకుడు మల్లేశ్వరరావు తల్లి. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయాక ఆవిడకి మంచమే లోకమైంది. గవరపాలెంలో వాళ్ళ మేడ కింది గదిలో, కిటికీ పక్కన కూర్చుని, స్వర్ణకుమారి ఒక్కొక్క వేలూ తన అరచేతిలోకి తీసుకుని, గోరుముక్క ఎగిరిపోకుండా కింద తడిగుడ్డ పరుచుకుని, తొందర లేకుండా తీసింది. చేతులయ్యాక కాళ్ళకేసి చూసి పెదవి విరిచింది.

"ఇవి రాయైపోయేయి మామ్మగారూ. రేపొచ్చి వేన్నీళ్ళలో నానబెట్టి తీత్తాను. ఇవాళ్టికి ఈ గెద్దగోళ్ళతోనే ఉండండి."

"గెద్దనేగా. తన్నుకుపోదామన్నా ఈ ఇంట్లో ఒక్కరూ నా దగ్గరకి రారు మరి" అంది ముసలావిడ, వంకరపోయిన మూతితో నవ్వుతూ.

అక్కణ్ణించి స్వర్ణకుమారి తిన్నగా ఇంటికొచ్చింది. భుజం సంచీ మేకుకి తగిలించింది. వీధిగదిలో కుట్టుమిషను ముందున్న చెల్లెలు అక్సాని "కాస్త టీ పెట్టవే" అని, గోడవార కుర్చీలో కూలబడింది. అక్సా టీ తెచ్చేసరికి తల గోడకానించి కళ్ళు మూసుకుని ఉంది.

ఆవేళ పొద్దున్న అక్కచెల్లెళ్ళిద్దరూ మాటామాటా అనుకున్నారు. అందుకని అక్సా, 'నాతో మాట్లాడవలసొస్తుందని నిద్ర నటిస్తోంది' అనుకుంది. గ్లాసు మీద పళ్ళెం మూతపెట్టి మళ్ళీ మిషను తొక్కడం మొదలెట్టింది. ఒక జాకెట్టుకి చేతులు అతికి, మెడ తిప్పి, హుక్సులు పెట్టడం కూడా అయ్యాక, "చల్లారిపోతందే, తాగు" అని భుజం కదిపింది. టీ మీద మీగడ కట్టేసింది. ప్రాణం ఎప్పుడు వెళ్ళిపోయిందో అక్సాకి తెలీదు.

రెండువేల తొమ్మిది వానాకాలం అది. ఆ ఆదివారం చర్చిలో అక్సా కూతురు సుజి ప్రయాణానికి కృతజ్ఞత ప్రార్థన పెట్టుకున్నారు. సుజి లండన్ వెళ్తోంది, నర్సుగా. పెద్దమ్మ వెళ్ళొచ్చిన చోటికే.

*

వాళ్ళమ్మ పోయేసరికి స్వర్ణకుమారి జడ వేసుకోవడం నేర్చింది, అక్సా ఇంకా వేయించుకుంటోంది. తర్వాత ఆ జడ వేసే చేతులు స్వర్ణకుమారివే అయ్యాయి. మిషన్ ఆస్పత్రిలో నర్సు ట్రైనింగయ్యి, ఊళ్ళో ఒక నర్సింగ్‌హోములో చేరగానే చెల్లెలికి కుట్టుమిషను కొనిపెట్టింది. ఆ మిషను మీద అక్సా కుట్టిన మొట్టమొదటి బట్ట అక్క తెల్ల యూనిఫాం. ఆనాటినుంచీ ఊళ్ళో నర్సింగు చదివే పిల్లలందరి తెల్ల గౌన్లూ అక్సా దగ్గరికే రావడం మొదలైంది.

నర్సింగ్‌హోములో స్వర్ణకుమారికి ఒక పేరుండేది. పురిటిబిడ్డకి నరం దొరకడం లేదంటే డాక్టరు కూడా "స్వర్ణ సిస్టర్ని పిలవండి" అనేవాడు. చీపురుపుల్లంత చేతిలో, దారప్పోగంత నరంలోకి, ఒక్క పోటుతో సూది వెళ్ళిపోయేది. బెల్లం మార్కెట్టుకెళ్తే దారిలో నలుగురు తల్లులు ఆగి, "మీ చేతుల మీద పుట్టినోడేనండి" అని పిల్లల్ని ముందుకి తోసేవారు. పెళ్ళి చేసుకోలేదు. అడిగిన వాళ్ళతో, "నాది నైటు డ్యూటీ. వాడికి అన్నమెవరు పెడతారు?" అని నవ్వేసేది. అక్సాకి పెళ్ళై, భర్త క్రాంతికుమార్ ఆ ఇంట్లోకే వచ్చాడు. వదిన చెప్పిందే వేదమన్నట్టుండేవాడు, చక్కెర ఫ్యాక్టరీలో పని, సాయంత్రం ఒక పేపరు, మధ్యలో నాలుగు జోకులు.

రెండువేల రెండులో త్రినాధరావు తెల్లకారులో వాళ్ళ వీధికొచ్చాడు. విశాఖపట్నంలో ఆఫీసు. నర్సుల్ని ఇంగ్లండు పంపుతాడు. మనవాళ్ళకి ఇంగ్లండంతా లండనే కనక, లండన్ ఏజెంటంటేనే తెలుస్తుంది. నిజానికి స్వర్ణకుమారి అతన్ని వెతుక్కుంటూ పోలేదు, అతనే ఆవిణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు.

"మీలాంటి చెయ్యి ఇక్కడుండిపోకూడదు సిస్టర్ గారూ. అక్కడ మూణ్ణెల్లు వాళ్ళ పద్ధతి నేర్పుతారు. తరవాత రిజిస్ట్రేషను. ఇహ మీరు వాళ్ళ నర్సులతో సమానం. పెద్దాస్పత్రి."

"ఏ ఆస్పత్రండీ?" అని క్రాంతికుమార్ అడిగితే, "అది దిగినాక అలాట్ చేస్తారు సార్" అన్నాడు. క్రాంతికుమార్ తల గోక్కుని, "మా ఫ్యాక్టరీలో చెరకు లోడు కూడా ఏ యార్డుకో ముందే చెప్తారండీ" అన్నాడు. అందరూ నవ్వారు. త్రినాధరావు అందరికంటే ఎక్కువ నవ్వాడు.

వాళ్ళ చర్చి సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరికి ఉద్యోగమొచ్చినా, ఎవరు ఊరు దాటి వెళ్తున్నా, వెళ్ళే ముందు ఆదివారం లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. దేవుడు తనకేం చేశాడో అందరి ముందూ ఒప్పుకోవాలి. పని ఇంకా చేతికి రాకపోయినా, వచ్చేసినట్టే చెప్పడం విశ్వాసం. అలా చెప్పకపోతే అనుమానించినట్టు.

స్వర్ణకుమారి కూడా లేచింది. తెల్ల యూనిఫాంలోనే నిలబడింది. పదిమందిలో మాట్లాడ్డం అలవాటు లేని మనిషి, ఆవేళ మాత్రం గొంతు వణక్కుండా చెప్పింది. "నన్ను ఈ ఊళ్ళో దేవుడు నర్సుగా నిలబెట్టేడు. అక్కడ కూడా నర్సుగానే నిలబెట్టబోతున్నాడు. ఆ దేశంలో నేను తాకే ప్రతి నరం ఆయన చూపించినదే." సంఘమంతా ఆమెన్ అంది. అక్సా ఏడ్చింది. పాస్టరు జాన్ బాబు అయ్యగారు తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు.

కొన్నాళ్ళకి ఫోటో వచ్చింది. ఎర్ర ఇటుకల మేడ, ముందు పూలమొక్కలు, వాటి ముందు స్వర్ణకుమారి. లేత నీలం గౌను, మెడకి తెల్ల పైపింగు, ముందు జిప్పు. అక్సా కన్ను మొదట గౌను మీదికే పోయింది. భుజాలు జారాయి. నడుం దగ్గర ఒక మడత ఎక్కువుంది.

"తెలుపు కాదేటి అక్కా?" అంది ఫోన్లో.

"ఇక్కడ తెలుపు వెయ్యరే. మాసిపోద్ది."

"పనెలా ఉన్నాది?"

"బాగానే ఉన్నాది."

ఆ ఫోటో అయ్యగారు అడిగి తీసుకుని, చర్చి గుమ్మం పక్క నోటీసు బోర్డు మీద పెట్టించారు. దానికింద 'లండన్‌లో మన సహోదరి' అని రాయించారు. ఆ ఫోటో చూసి ఆ ఏడాది ఇంకో ఇద్దరు పిల్లలు నర్సింగులో చేరారు. వాళ్ళలో సుజి లేదు. సుజి అప్పటికింకా స్కూల్లో ఉంది, కాని వస్తూ పోతూ ఆ బోర్డు ముందు ఆగేది.

*

రెండువేల ఏడులో స్వర్ణకుమారి వచ్చేసింది. సెలవుకి కాదు, పూర్తిగా. మంచి కోటు వేసుకుని దిగింది. ఆ కోటు తీస్తే లోపల అదే లేత నీలం గౌను.

"ఆఖరి డ్యూటీ దిగి దీంతోనే విమానమెక్కీసేను" అంది. ఆ రాత్రే దాన్ని ఉండచుట్టి అక్సా చేతిలో పెట్టింది. "గుడ్డ గట్టిది. దిండు గలీబుకి కోసీయి. లేపోతే మసిగుడ్డకి పనికొత్తాది."

అక్సా గుండెలు బాదుకుంది. లండన్ గుడ్డ దిండుకా? ఆ కుట్టు చూడు, లోపల ఒక్క దారం వేలాడడం లేదు. 'సరేలే' అని, కొయ్యకుండా ఉతికి మడతపెట్టి తన పెట్టెలో అడుక్కి దాచింది. అక్కకి చెప్పలేదు. 'ఈవిడకి ఇప్పుడు విసుగ్గా ఉంది. రేపు అడుగుతుంది' అనుకుంది. స్వర్ణకుమారి మళ్ళీ అడగలేదు.

అనుమానం అక్కడే మొదలైంది. అంత ఉద్యోగం ఎందుకొదులుకొచ్చింది? వచ్చిన మనిషి పాత నర్సింగ్‌హోముకి ఎందుకెళ్ళదు? వాళ్ళు మనిషిని పంపి పిలిస్తే, "చూద్దాం లెండి" అని ఎందుకంటుంది?

పూడిమడక నించి ఎండుచేపల బుట్టతో వచ్చే చిన్నమ్మలు అనే ఆవిడ, అక్సా అడక్కపోయినా గుమ్మంలో బుట్ట దింపి, ఆ అనుమానానికి ఇంత ఉప్పు చల్లి పోయేది.

"లండనోలు ఊరికే పంపేత్తారేటమ్మా? మా పక్కింటోడు దుబాయినించి అలాగే వచ్చీసేడు. అడిగితే ఎండ పడ్నేదన్నాడు. తరవాత తెలిసినాది, ఏటో సేసేడని."

"మా అక్క అలాంటిది కాదు."

"కాదనే సెప్తన్నాను తల్లీ. మంచోలికే వత్తాయి మాటలు. ఈ నెత్తళ్ళు సూడు, నిన్ననే ఎండినాయి."

ఒకరోజు పక్కింటి సత్తియ్యకి జ్వరమొచ్చి, సెలైన్ పెట్టమని స్వర్ణకుమారిని పిలిచారు. అక్సా కూడా వెళ్ళింది. సత్తియ్యది మోటు చెయ్యి, నరాలు తాళ్ళలా పైకి కనబడుతున్నాయి. స్వర్ణకుమారి దూదితో తుడిచి, సూది పట్టుకుని ఆగిపోయింది. పొడిచింది. నరం పక్కకి పోయింది. రెండోసారీ పోయింది. సత్తియ్య "పర్లేదు సిస్టరమ్మా" అంటున్నాడు, చెయ్యి ఉబ్బుతోంది. మూడోసారికి ఎక్కింది. స్వర్ణకుమారి నుదురంతా చెమట. పసిబిడ్డ చేతిలో దారం లాంటి నరం దొరకబుచ్చుకున్న చెయ్యి అది.

అక్సా ఇంటికి వచ్చాక అడిగింది, "ఏటయ్యిందక్కా నీ చేతికి?"

"అలవాటు తప్పింది."

"అయిదేళ్ళూ ఆస్పత్రిలో ఉండి అలవాటు తప్పడమేటి?"

"అక్కడ మెషీన్లే."

అక్సాకి ఆ మాట గొంతు దిగలేదు. ఎవరికో తప్పుడు ఇంజక్షను ఇచ్చేసిందేమో, మనిషి పోయుంటాడేమో, అందుకే తరిమేశారేమో, ఆ భయంతోనే చెయ్యి తప్పుతోందేమో అని రాత్రి భర్తతో అంది. క్రాంతికుమార్ పేపరు దించి, "మీ అక్క సొంత చెల్లెలివా, సీఐడీవా?" అన్నాడు. కాని అతనూ నవ్వలేదు.

తర్వాత సూర్యకాంతమ్మగారి సంగతొచ్చింది. మల్లేశ్వరరావు ఒకరోజు బజార్లో కనబడి, "అమ్మకి పుళ్ళు పడ్డాయండి సిస్టర్ గారూ, ఆయాలు రెండ్రోజులుండి పారిపోతన్నారు" అని మొరపెట్టుకున్నాడు. మర్నాటినుంచీ స్వర్ణకుమారి రోజూ వెళ్ళడం మొదలెట్టింది. జీతమిస్తామంటే వద్దంది. అది ఇంకా అనుమానమైపోయింది. ఊరంతా ఒకటే మాట, లండన్ నర్సమ్మ కోమట్లింట్లో ముసలిదానికి స్నానం పోస్తోందట, ఆ ముసలిదాని మెళ్ళో నానుతాడు ఉత్తినే ఉందా మరి అని.

అక్సా ఉండబట్టలేక ఒకసారి వెంట వెళ్ళి చూసింది. ముసలావిడ మంచం మీదే ఉంది. ఆవిణ్ణి దింపకుండానే స్వర్ణకుమారి పక్కకి దొర్లించి, తడిసిన దుప్పటి సగానికి చుట్టి, కొత్తది సగం పరిచి, మళ్ళీ ఇటు దొర్లించి, పాతది లాగేసింది. ఆవిడ కళ్ళు కూడా తెరవలేదు. కప్పిన గుడ్డ తియ్యకుండానే ఒళ్ళంతా తుడిచింది. "ఇప్పుడు చెయ్యెత్తుతాను మామ్మగారూ, ఇప్పుడు వీపు తుడుత్తాను" అని ప్రతి పనీ ముందు చెప్పి మరీ చేసింది.

మన ఆస్పత్రుల్లో ఇది నర్సు పని కాదు. సూదీ మందూ నర్సువి. కడగడం, తుడవడం, పక్క మార్చడం ఆయాలు చేస్తారు, లేకపోతే ఇంటివాళ్ళు. తను కుట్టే తెల్ల గౌనుల పిల్లలెవరూ దీనికి చెయ్యి పెట్టరు.

"ఈ పని నీకెక్కడొచ్చిందక్కా?"

స్వర్ణకుమారి బకెట్లో గుడ్డ పిండింది. "అక్కడ అందరూ అన్నీ చేత్తారే" అంది.

సూర్యకాంతమ్మగారు మంచం మీంచి అంది, "నీ అక్క చెయ్యి పడితే నిద్రొత్తాదమ్మాయ్. మా కోడలు చెయ్యి పడితే మెలకువొత్తాది."

అక్క సూదేమో మర్చిపోయింది. ఆయా పనేమో చేతివేళ్ళకి అలవాటైపోయింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని ఉంటే సరిపోను. అక్సా వేటికవి విడివిడిగా అనుమానించింది.

*

సుజి నర్సింగు అయిపోగానే త్రినాధరావు మళ్ళీ వచ్చాడు. కారు మారింది, మాట మారలేదు. ఇప్పుడు చదువు వీసా మీద వెళ్ళాలట. అక్కడ చిన్న కోర్సు, పక్కనే డ్యూటీ, తర్వాత రిజిస్ట్రేషను. "మీ పెద్దమ్మగారు వేసిన బాటేనమ్మా" అన్నాడు సుజితో.

స్వర్ణకుమారి వంటింట్లోంచి వచ్చింది. అతన్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. అతను లేచి నమస్కారం పెట్టాడు. ఆవిడ చేతులు కదల్లేదు.

"పిల్లని ఏ ఆస్పత్రికి పంపుతన్నారు?"

"అది దిగినాక అలాట్ చేస్తారు మేడమ్. మీకు తెలీనిదేముంది?"

"నాకు తెలుసనే అడుగుతన్నాను."

త్రినాధరావు ఆ నవ్వే నవ్వి, ఇంకో ఇంటికి వెళ్ళాలని లేచాడు. అతను గేటు దాటీ దాటగానే స్వర్ణకుమారి, "సుజీ, ఎల్లొద్దే" అంది.

ఎందుకని అడిగితే చెప్పదు. రోజూ ఏదో ఒక వేళప్పుడు, అన్నం తింటూనో, బట్టలు ఆరేస్తూనో, "ఎల్లొద్దే. ఇక్కడ నర్సువి నువ్వు" అంటుంది. సుజి ముందు నవ్వింది, తర్వాత చిరాకుపడింది. "నువ్వెళ్ళలేదేటి పెద్దమ్మా? బోర్డు మీద ఫోటో ఎవరిది?" అని అడిగేసరికి స్వర్ణకుమారి మొహం తిప్పుకుంది. క్రాంతికుమార్ ఒకరోజు మెల్లగా, "వదినా, ఏదైనా ఉంటే చెప్పు, పిల్లనాపేత్తాను. నువ్వు పెంచిందే కదా" అన్నాడు. "చెప్తాను క్రాంతీ. చెప్పాల్సిన చోటే చెప్తాను" అంది. ఆ చోటేదో అతనికి అర్థం కాలేదు.

అక్సాకి మాత్రం అంతా అర్థమైపోయినట్టే ఉంది. అక్క ఆ ఉద్యోగం నిలబెట్టుకోలేకపోయింది, ఇప్పుడు పిల్ల నిలబడితే చూడలేకపోతోంది. ఒక్క కడుపున పుట్టినా కళ్ళు వేరే కదా.

దానికితోడు ఆ సోమవారం స్వర్ణకుమారి పాత ట్రంకుపెట్టె తెరిచి, పచ్చబడిపోయిన తన తెల్ల యూనిఫాం తీసుకొచ్చి మిషను మీద పెట్టింది. "నీలిమందు పెట్టి ఉతికేను. నడుం కాస్త వదులు చెయ్యవే. శనివారానికల్లా కావాలి."

"ఎక్కడికేటి?"

"దగ్గరకే."

అక్సా ఆ గౌను కేసి చూసింది, అక్క కేసి చూసింది. ఓహో, అనుకుంది. పిల్లనేమో వెళ్ళొద్దంటోంది, తనేమో యూనిఫాం బాగుచేయించుకుంటోంది. త్రినాధరావుతో లోపల్లోపల ఏదో మాట్లాడుకుంది. హైదరాబాదులో ఇంటర్వ్యూ ఏదో ఉండుంటుంది. ఉన్న ఒక్క సీటూ తనే కొట్టేద్దామని. అనుమానానికి కాళ్ళూ చేతులూ వచ్చాక దానికి దారి మనం చూపించక్కర్లేదు, అదే నడుచుకుంటూ పోతుంది.

పక్క కుట్లు విప్పి, అక్కడే వదిలేసి, వేరేవాళ్ళ జాకెట్లు కుట్టుకుంటూ కూర్చుంది. మంగళవారం గడిచింది, బుధవారం గడిచింది. గురువారం పొద్దున్న స్వర్ణకుమారి అడిగింది, "కుట్టేవేటే నా గౌను?"

అక్సాకి కడుపులోదంతా బయటికొచ్చేసింది. "ఎందుకక్కా నీకిప్పుడా గౌను? నువ్వు తిన్న ముద్ద నా కూతురు తినకూడదా?"

"తినకూడదు" అంది స్వర్ణకుమారి. గట్టిగా అనలేదు. "నేను తిన్న ముద్ద దానికొద్దే అక్సా."

"చూసేవా? నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు."

"శనివారానికి కుట్టీయి" అని, గోళ్ళు తీసే సామాను సంచీలో వేసుకుని, స్వర్ణకుమారి సూర్యకాంతమ్మగారింటికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే టీ మీద మీగడ కట్టింది.

*

శుక్రవారం శవపెట్టె వచ్చింది. ఆడవాళ్ళు స్నానం చేయించి, తెల్లచీర తెమ్మన్నారు. వాళ్ళలో చీరే ఆనవాయితీ. అక్సా ఒప్పుకోలేదు. బతికున్నప్పుడు ఎన్ని అనుకున్నా, ఈ ఊళ్ళో ఏ ఆడదీ వెళ్ళలేనంత దూరం వెళ్ళిన మనిషి తన అక్క. ఆ మనిషిని వట్టి చీరలో పంపుతానా, అనుకుంది. తన పెట్టె అడుగునుంచి లేత నీలం గౌను తీసింది. తనే భుజాలు ఎక్కించి, నడుం మడత తీసి, ఆదరాబాదరాగా రెండు కుట్లు వేసింది. సుజి ఇస్త్రీ చేసింది. మెడ పైపింగు దగ్గర ముడత పోలేదని మళ్ళీ నీళ్ళు చల్లి మళ్ళీ చేసింది.

మోకాళ్ళ కిందికి తెల్ల దుప్పటి కప్పారు. చూడొచ్చిన వాళ్ళంతా "లండన్ నర్సమ్మ" అని మెల్లగా అనుకున్నారు. నోటీసు బోర్డు మీది ఫోటో కూడా తెచ్చి పెట్టెకి ఆనించారు. ఫోటోలోనూ పెట్టెలోనూ ఒకే గౌను. అక్సాకి ఏడుపులో కూడా అది తృప్తిగా ఉంది. ఇన్నాళ్ళకి భుజాలు సరిగ్గా కూర్చున్నాయి.

మల్లేశ్వరరావు చెప్పులు గేటు బయట విడిచి లోపలికొచ్చి, పెట్టె దగ్గర నిలబడి చేతులు జోడించాడు. "అమ్మ కాళ్ళు చాపుకుని కూచున్నాదండి. సిస్టరమ్మ రేపొత్తానందని. చెప్తే నమ్మట్లేదు" అన్నాడు.

సమాధుల తోటనుంచి తిరిగొస్తుంటే జాన్ బాబు అయ్యగారు అక్సా పక్కన నడిచారు.

"ఈ ఆదివారం సాక్ష్యానికి టైమడిగిందమ్మా మీ అక్క. సుజి ప్రార్థనకి ముందే ఇయ్యండి, తరవాతొద్దు అంది. మొదటిసారి నిలబడ్డ చోటే నిలబడతానంది. మళ్ళీ ఎక్కడికైనా వెళ్తందేమోననుకున్నాను."

అక్సాకి తెల్ల గౌను శనివారానికి ఎందుకో ఇప్పుడు తెలిసింది. సంఘమందరి ముందూ, అంత పాత యూనిఫాం వేసుకుని నిలబడి, అక్క తన కూతురి ప్రయాణాన్ని ఆపేద్దామని చూసింది. పోయిన మనిషి గురించి అలా అనుకోకూడదని తెలిసినా అనుకుంది.

ఆదివారం సుజి లేచి నిలబడింది. "దేవుడు నన్ను ఆ దేశంలో నర్సుగా నిలబెట్టబోతున్నాడు. మా పెద్దమ్మ నిలబడిన చోటే" అంది. సంఘం ఆమెన్ అంది. పదిరోజుల్లో వెళ్ళిపోయింది.

*

సుజి ఆదివారాలు ఫోన్ చేసేది.

"ఎలా ఉన్నావే?"

"బాగానే ఉన్నానమ్మా."

"పనెలా ఉన్నాది?"

"బాగానే ఉన్నాది."

ఆ 'బాగానే' అక్సాకి ఎక్కడో విన్నట్టు తగిలేది. ఇంకేం అడిగినా పిల్ల జాగ్రత్తగా జవాబు చెబుతోందని తెలుస్తోంది. చలికాలం వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చినుంచి వచ్చాక, నర్సింగు పిల్లల తెల్ల గౌన్లు మిషను మీద పోగుపోసుకుని కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. అక్సా ఈసారి పని గురించి అడగలేదు. బట్ట గురించి అడిగితే ఎవరూ జాగ్రత్తపడరని తన అనుభవం.

"యూనిఫాం ఇచ్చేరేటే?"

"ఇచ్చేరు."

"కొలత సరిపోయిందా?"

"భుజాలు జారిపోతన్నాయమ్మా. నడుం దగ్గర వదులు. నువ్వుంటే బాగుండును."

"మనోళ్ళ ఒంటికి కుట్టరే వాళ్ళు. ఏ రంగు?"

"లేత నీలం. మెడకి తెల్ల పైపింగు. ముందు జిప్పు."

అక్సా కాలు మిషను మీద ఆగిపోయింది. మొహం విప్పారింది. "మా యమ్మే! పెద్దమ్మదీ అదే కదే! పెద్దమ్మ ఆస్పత్రే నీకూ ఇచ్చేరా?"

అటుపక్క ఎవరో పిలుస్తున్నట్టు గంట మోగుతోంది, ఎవరూ ఎత్తని ఫోనులా.

"ఆస్పత్రి కాదమ్మా. ముసలోళ్ళ హోము. పెద్దమ్మ చేసిన కంపెనీదే, ఊరు వేరు."

"హోమైతే ఏటి, నర్సులుండరా?"

"ఉంటారు. ఒకరో ఇద్దరో. వాళ్ళకి ముదురు నీలం. లేత నీలం మాకు."

"మీకంటే?"

"కేరర్లకి. లేపడం, కడగడం, తినిపించడం, పక్క మార్చడం. గోళ్ళు తీయడం."

"సూదులూ అవీ?"

"ముట్టుకోనియ్యరు."

"నువ్వు నర్సువి కదే!"

"అక్కడ, మనూళ్ళో" అంది సుజి.

గోడకి కొట్టిన మేకుకి అక్క తెల్ల గౌను వేలాడుతోంది. పక్క కుట్లు విప్పినవి విప్పినట్టే ఉన్నాయి. అక్సా దానికేసి చూస్తూనే, ఆఖరి ఆశ ఏదో పట్టుకున్నట్టు అడిగింది.

"పెద్దమ్మకి తరవాత మార్చుంటారు కదే. అయిదేళ్ళున్నాది."

"రిజిస్ట్రేషనొస్తే మారుత్తారమ్మా. ఆ రోజే పాత గౌను తీసీసుకుని ముదురు నీలం ఇత్తారు. పెద్దమ్మ విమానం దిగినప్పుడు కోటు కింద ఏ రంగో నువ్వే చూసేవు కదా. పెట్టెలోకి దాన్ని నేనే ఇస్త్రీ చేసేను. అప్పుడు నాకు రంగుల సంగతి తెలీదు."